పాత తుపాకికి రసీదు ఇచ్చేటప్పుడు నంబరు కూడా రాయండి

సంపాదకుడు గారికి,

మా గిద్దలూరు, కంభం వైపు మిలటరీలో పనిచేసినవాళ్ళు లేని ఊరు అరుదు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో యుద్ధాలకు వెళ్ళొచ్చిన పెద్దల ట్రంకు పెట్టెలు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. అక్కడక్కడ వాటిలో పిస్తోలు కూడా ఉంటుంది. పెద్దాయన పోయాక దాన్ని ఏం చేయాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. టెన్షన్‌తో భాగాలు ఊడదీసి తలా ఒకచోట దాచేస్తారు.

మా ఇంట్లోనూ అంతే. జేజినాయన లైసెన్సుతో ఉంచుకున్న వెబ్లీ రివాల్వర్‌కు సిలిండర్ జేజి పెట్టెలో, పిడి పలకలు చిన్నాయన ఇంట్లో దొరికాయి. అన్నీ ఒకచోట చేర్చి స్టేషన్‌లో అప్పగిస్తే, ఇచ్చిన రసీదులో ‘తుప్పు పట్టిన పాత పిస్తోలు ఒకటి’ అని మాత్రం రాశారు. నంబరు లేదు, బోరు (గొట్టం లోపలి కొలత) లేదు.

ఆ తుపాకి మీద వివరాలు లేక కాదు. ఎడమ పక్కన వెబ్లీ పేరు, 1917 సంవత్సరం అచ్చు గుద్ది ఉన్నాయి. పక్కనే చిన్న బాణం గుర్తు, అంటే అది ఒకప్పుడు బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు. ఫ్రేము మీద, సిలిండర్ మీద ఉన్నది ఒకే నంబరు. విడిగా దొరికిన సిలిండర్ వేరే తుపాకిది కాదని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? తుప్పు వదిలిద్దామని గరుకు కాగితంతో రుద్దితే ముందు పోయేవి ఈ గుర్తులే. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. లోపల తూటా ఉందో లేదో తెలిసినవాళ్ళు చూసేదాకా అసలు ముట్టుకోకండి.

1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి భాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి. కాబట్టి పోయిన భాగాన్ని ఎక్కడో కొని బిగించుకుందామనుకుంటే కేసవుతుంది. రిపేరు చేసినా పేలని పురాతన ఆయుధాలకు 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, కానీ ఆ మాట తేల్చాల్సింది ఆర్మరర్ (పోలీసు తుపాకుల మంచిచెడ్డలు చూసేవాడు) లాంటి నిపుణుడు, మనం కాదు. లైసెన్సుదారు చనిపోతే వారసుడు లైసెన్సు కోరవచ్చని 2016 ఆయుధాల నిబంధనలు చెబుతున్నాయి. అదే 9 ఎం.ఎం. లాంటి ప్రొహిబిటెడ్ (నిషేధిత) బోరైతే ఆ లైసెన్సు ఢిల్లీలో కేంద్ర హోంశాఖ ఇవ్వాలి. బోరే రాయని రసీదు పట్టుకుని ఏ ఆఫీసుకు అర్జీ పెట్టుకోవాలి? రేపు ఆ తుపాకి కనిపించకపోతే అది మాదేనని దేన్ని చూపించి అడగాలి?

ప్రకాశం, నెల్లూరు జిల్లాల కలెక్టర్లకు, ఎస్పీలకు నా విన్నపం ఒకటే. పాత మిలటరీ తుపాకి అప్పగించినప్పుడు ఏఆర్ (జిల్లా సాయుధ పోలీసు) ఆర్మరర్ చేత చూపించి తయారీ పేరు, బోరు, ఒక్కో భాగం మీది నంబరు, లేని భాగాలు తెలుగు ఫారంలో రాసి, ఫోటో అతికించి ఇవ్వండి. ఒక కాపీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పంపండి. వారసులు రాక ప్రభుత్వపరమైన వాటిని కరిగించేముందు పురావస్తు శాఖను ఒక్క మాట అడగండి. పనికొచ్చేవి విజయవాడ బాపు మ్యూజియంలో పెట్టుకోవచ్చు.

ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సు తుపాకులు చాలావరకు ఎలాగూ స్టేషన్లకు చేరతాయి. వచ్చే ఎన్నికల నాటికైనా ఆ ఫారం సిద్ధం చేయండి.

ఇట్లు,
ఒక సుబేదారు మనవడు,
ఒంగోలు.