పురుగుమందు కేసుల విషయంలో సభ్యులకు మనవి

గ్రూప్ సభ్యులందరికీ నమస్కారం. పత్తి, మిరప పండే మన ప్రాంతాల ఆసుపత్రులకు విషం కేసుగా వచ్చేవారిలో పురుగుమందు ఒంట్లోకి వెళ్లినవారే ఎక్కువ. ఆ మందు ఆర్గానోఫాస్ఫేట్ అనే, నరాల మీద పనిచేసే రకమైతే కంటిపాపలు సూదిమొనంత చిన్నవై, నోట చొంగ కారి, ఒళ్లంతా చెమట పట్టి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది కనుక డాక్టర్లు ఆలస్యం చేయకుండా అట్రోపిన్ అనే విరుగుడు మందు మొదలుపెడతారు.

అయితే నేను ముఖ్యంగా చెప్పదలచినది ఆ తర్వాతి రోజుల గురించి. మనిషి తేరుకుని మాట్లాడుతున్నాడు కదా అని బంధువులు డిశ్చార్జి అడుగుతారు. కానీ ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి కండరాలు నీరసించి, దిండు మీద నుంచి తల ఎత్తలేక, చివరికి ఊపిరి అందక వెంటిలేటర్ అవసరమవుతుంది. అందుకే డాక్టరు చెప్పేదాకా దయచేసి ఇంటికి తీసుకెళ్లకండి.

ఉప్పునీళ్లో, పేడనీళ్లో తాగించి వాంతి చేయించడం వల్ల ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఇది ఇప్పటికీ ఊళ్లలో జరుగుతుండటం నిజంగా బాధాకరం. తడిసిన బట్టలు తీసేసి, ఒంటిని సబ్బుతో కడిగి, మందు డబ్బాను లేబుల్‌తో సహా వెంట తీసుకుని 108కి ఫోన్ చేయండి. మనసు కుంగినవారితో మాట్లాడేందుకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.