పెళ్ళిళ్ళు లెక్కపెట్టారు, పాటలు మరిచారు

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ సినిమా పేజీలో బ్రెజిల్ గాయకుడు, టీవీ నటుడు ఫాబియో జూనియర్‌పై వేసిన కథనం చదివి నాలుగు రోజులైనా బాధ తగ్గకపోవడంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. అరపేజీ నిండా ఆయన పెళ్ళిళ్ళు, విడాకులు వరసగా ఏకరువు పెట్టారు గానీ, ఒక్క పాట పేరైనా చెప్పలేదు. పైగా ఆయన స్పానిష్ గాయకుడట! బ్రెజిల్ భాష పోర్చుగీసు అన్న సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు.

ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు సావో పౌలోలో ఉన్న నాకు ఆ నగరంలోనే 1953లో పుట్టిన ఈయన పాట విలువ తెలుసు. ఇంగ్లిషు పాటలకు గిరాకీ ఉన్న 1970లలో ఆయన మార్క్ డేవిస్ అన్న పరాయి పేరుతో ఇంగ్లిషులో పాడారు. సొంత గడ్డ మీద సొంత పేరు దాచుకున్న ఆ మనిషిని ఇంటింటికీ చేర్చింది, తండ్రిని తలచుకుంటూ మాతృభాషలో స్వయంగా రాసి పాడిన ‘పాయ్’ పాటే. పాయ్ అంటే నాన్న. 1979లో గ్లోబో టీవీ ధారావాహిక ‘పాయ్ ఎరోయ్’కు అదే ప్రారంభ గీతమైంది. ఆగస్టు రెండో ఆదివారం, అక్కడివారి నాన్నల పండుగ నాడు, ఆ పాట వినిపిస్తే పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

‘తీరిక వేళల్లో పాడే సీరియల్ నటుడు’ అన్న మీ మాట మరీ అన్యాయం. ధారావాహికల పాటలను రికార్డులుగా తేవడానికి గ్లోబో సంస్థ సోమ్ లివ్రె అనే సొంత కంపెనీనే నడిపిన ఆ దేశంలో పాటనూ నటననూ విడదీసి చూడడం కుదరదు. కార్లోస్ డియెగెస్ సినిమా ‘బై బై బ్రసీల్’లో అకార్డియన్ వాయించే పల్లెటూరి యువకుడిగా ఆయన నటించారు, ఆ చిత్రం 1980లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో పోటీకి నిలిచింది. అక్కడి సైనిక ప్రభుత్వం 1975లో ఆపేసిన టీవీ ధారావాహిక ‘రోకె సాంతేరో’ను పదేళ్ళకు మళ్ళీ తీసినప్పుడు కూడా ఆయనకు ముఖ్యమైన పాత్ర దక్కింది.

ఏజెన్సీలు పంపిన కబుర్లను సరిచూడకుండా అచ్చువేయడం ఈమధ్య అన్ని పత్రికల్లోనూ పెరిగిపోయింది. కళాకారుల పడకగది మీద ఉన్న ఆసక్తి వారి పని మీద లేదు. ఇదే పేజీని కత్తిరించి దాచుకున్న పాఠకులం మేము. వచ్చే ఆదివారం అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో, ఆయన పాటల పేర్లతో సహా సవరణ వేయగలరు.

ఒక పాఠకురాలు,
విశాఖపట్నం