గోపాల్‌పూర్ రోడ్డు స్థలం అప్పుడే అమ్మొద్దు

బర్మింగ్‌హామ్,
నవంబర్ 2025

నాన్నా,

ఇక్కడ మేమంతా కులాసా. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో తెలియజెయ్యి. ఈ సంగతులు ఫోన్లో చెబుదామంటే మీరు స్పీకర్ పెట్టేస్తారు, ఒకరి మాట ఒకరికి వినబడదు, ఆఖరికి అంతా ఈ పూట కూరేం వండావన్న దగ్గర తేలుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. తమ్ముడికి కూడా చదివి వినిపించు. వాడికి కోపం వస్తుంది, రానీ.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. వాడు ఇక్కడికొచ్చి మాస్టర్స్ చదవడం కోసం మన బరంపురం గోపాల్‌పూర్ రోడ్డు స్థలం బేరానికి పెట్టొద్దు. కనీసం మార్చి దాకా ఆగు.

"అక్కడ యూనివర్సిటీలు పిలిచి మరీ సీట్లిస్తున్నాయి" అని వాడు నీతో అన్నాడట. నిజమే, పిలుస్తున్నాయి. ఎందుకు పిలుస్తున్నాయో అడ్మిషన్ల ఆఫీసులో కూర్చుని నేను రోజూ చూస్తున్నాను. ఇంగ్లండులో ఇక్కడి పిల్లల డిగ్రీ ఫీజు ఇంతకు మించకూడదని ప్రభుత్వమే గీత గీసింది. 2012లో 9,000 పౌండ్లు, 2017లో 9,250, ఈ ఏడాది 9,535. పదమూడేళ్లలో పెరిగింది అంతే. ఈలోగా జీతాలు, కరెంటు బిల్లులు ఎక్కడికి పోయాయో వేరే చెప్పాలా? ఆ లోటు పూడ్చేది మనలాంటి వాళ్ల పిల్లలే. పైదేశాల వాళ్ల ఫీజుకి ఏ గీతా లేదు, మాస్టర్స్‌కి ఇరవై వేల పౌండ్లు దాటి అడిగే చోట్లు బోలెడు. దాని మీద ఇక్కడి ప్రభుత్వ వైద్యం పేరుతో ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇప్పటిదాకా రెండేళ్లు ఇస్తున్నారు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టుకునే వాళ్లకి ఏడాదిన్నరే. వచ్చే సెప్టెంబరులో చేరితే మనవాడు సరిగ్గా ఆ ఏడాదిన్నర వాళ్లలో పడతాడు. ఈ ముక్క వాడు నీకు చెప్పి ఉండడు.

మా ఆఫీసులో పొద్దున్నే ఒక స్క్రీన్ మీద దేశాలవారీగా డిపాజిట్ కట్టిన వాళ్ల లెక్క వస్తుంది. ఇండియా వరస ఎర్రగా కనబడితే ఆ రోజు మా మేనేజరు టీ కూడా తాగడు. అదే వరండాలో నాలుగు గదుల అవతల, ఎప్పటినుంచో పాఠాలు చెబుతున్న లెక్చరర్లు ఇంకో మెయిల్ చదువుకుంటున్నారు. వాళ్లంతట వాళ్లు ఉద్యోగం వదులుకుంటే ఇంత ముట్టజెబుతామని అందులో ఉంది. మన స్థలం డబ్బు చేరేది ఈ లెక్కలోకే నాన్నా. ఆ సబ్జెక్టు చెప్పే మనిషి రెండో టర్ముకి ఉంటాడో లేదో మాకే తెలియదు.

నీకు నవ్వొచ్చే సంగతొకటి. ఇంగ్లండులో కెంట్, గ్రీనిచ్ యూనివర్సిటీలు ఒకే గొడుగు కిందికి చేరతామని ఈ సెప్టెంబరులో ప్రకటించాయి. ఆ వార్త చదవగానే నాకు మన ఖల్లికోట్ కాలేజీ గుర్తొచ్చింది. దాన్ని మొదట ఇంకొన్ని కాలేజీలతో కలిపి క్లస్టర్ యూనివర్సిటీ అన్నారు, తర్వాత బరంపురం యూనివర్సిటీలో కలిపేస్తామన్నారు, గొడవలయ్యాక విడిగా యూనిటరీ యూనివర్సిటీ అన్నారు. బోర్డు మార్చినంత తేలిగ్గా లెక్చరర్లను వేస్తే ఎంత బాగుండేది!

ఇక బర్మింగ్‌హామ్ మాట. మన పెద్దబజారులో ఎవరైనా మీ అమ్మాయి ఎక్కడుంటుందని అడిగితే నువ్వు ఛాతీ విరుచుకుని చెబుతావని అమ్మ అంటుంది. చెప్పుకో, కాదనను. పూర్వం దీనికి నిజంగానే పేరుంది. 1870ల్లో జోసెఫ్ చేంబర్లేన్ మేయరుగా ఉండగా గ్యాసునీ మంచినీళ్లనీ ప్రైవేటు కంపెనీల చేతిలోంచి తీసుకుని ఊరి సొంతం చేశాడు. ప్రపంచంలో ఇంత బాగా నడిచే ఊరు లేదని అప్పట్లో అమెరికా వాళ్లు కూడా మెచ్చుకున్నారు.

ఇప్పటి సంగతి విను. 2013లో ఊరి నడిబొడ్డున దాదాపు 19 కోట్ల పౌండ్లు పోసి కొత్త లైబ్రరీ కట్టారు. మలాలా వచ్చి ప్రారంభించింది. నీకు ఫొటో పంపించాను, గోడల నిండా వలయాల అల్లికతో నగలపెట్టెలా ఉంటుందే, అదే. వారానికి 73 గంటలు తెరిచి ఉంచేవారు. రెండేళ్లు తిరక్కుండానే నడపడానికి డబ్బు లేదని 40 గంటలకు దించేశారు. కట్టడానికి దొరికిన డబ్బు తలుపు తెరిచి కూర్చునే మనిషికి దొరకలేదు. ఆ పక్కనున్న పాత లైబ్రరీని మాత్రం 2016లో కూలగొట్టేశారు.

అప్పటికి ఇది చిన్న ముచ్చటే. 2023 సెప్టెంబరులో తన దగ్గర డబ్బు లేదని ఊరిని నడిపే సిటీ కౌన్సిలే చట్టప్రకారం నోటీసు ఇచ్చుకుంది. ఎందుకలా అయిందంటే పెద్ద కథ. చెత్త ఎత్తే మగవాళ్లకు బోనస్‌లిచ్చి, వంట, ఊడ్పు పనులు చేసే ఆడవాళ్లకు ఏళ్ల తరబడి ఎగ్గొట్టారు. ఆ ఆడవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2012లో గెలిచారు. ఆ పరిహారాలకే వంద కోట్ల పౌండ్లు దాటింది. (నన్నడిగితే ఊరు దివాలా తీసింది ఆ ఆడవాళ్ల వల్ల కాదు, అన్నేళ్లు ఎగ్గొట్టిన వాళ్ల వల్ల. ఇక్కడ కొందరు తిరగేసి మాట్లాడతారు.) దానికి తోడు లెక్కల కోసం కొత్త కంప్యూటర్ సిస్టం. 1.9 కోట్ల పౌండ్లలో అయిపోతుందన్నది పది కోట్లు దాటింది. లండన్ నుంచి ప్రభుత్వం కమిషనర్లను పంపింది. మన బరంపురంలో 2022 ఎన్నికల దాకా కొన్నేళ్లు కౌన్సిల్ లేకుండా అధికారులే నడిపారు చూడు, ఇంచుమించు అలాగే. కాకపోతే ఇక్కడ కౌన్సిలర్లూ ఉన్నారు, వాళ్ల నెత్తిన ఈ కమిషనర్లూ ఉన్నారు. ఇంటిపన్ను 2024లో పది శాతం, ఈ ఏడాది ఇంకో ఏడున్నర శాతం పెంచారు. మార్చి నుంచి చెత్త బళ్ల వాళ్లు నిరవధిక సమ్మెలో ఉన్నారు. ఒక దశలో 17 వేల టన్నుల చెత్త రోడ్ల మీద పేరుకుపోయింది. ఇప్పుడు తాత్కాలిక మనుషులతో తీయిస్తున్నారు గానీ సమ్మె మాత్రం తేలలేదు.

ఇదంతా ఇక్కడి వాళ్లను ఆడిపోసుకోవడానికి రాయడం లేదు. భువనేశ్వర్‌కి స్మార్ట్ సిటీ ఇచ్చారు, రూర్కెలాకి ఇచ్చారు, బరంపురానికి ఎందుకివ్వలేదని నువ్వు ఇప్పటికీ బాధపడతావు. ఇచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు ఇక్కడ కనబడుతోంది. శిలాఫలకానికి డబ్బు ఎప్పుడూ పుడుతుంది. మర్నాటి నుంచి దాన్ని చూసుకునే మనిషి జీతానికే పుట్టదు.

మనూళ్లోనే చూడు, నేను చదువుకున్న బడికి ఏమైంది? పాత ప్రభుత్వం ఉండగా బడులు బాగుచేసే పథకం 5టీ అని రంగులు వేశారు, గేటు పెట్టారు, స్మార్ట్ బోర్డు బిగించారు. అంతా బాగుంది. మా తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టు భర్తీ చేసిన పాపాన ఎవరూ పోలేదు. స్మార్ట్ బోర్డు ఉంది, దాని మీద "అ" రాసే మనిషి లేడు. 1936లో ఒడిశా రాష్ట్రం గీత గీసినప్పుడు మన తెలుగువాళ్లం ఇటు ఒడిశాలోనే ఉండిపోయాం, సరే. కానీ మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక చదువు వాళ్ల భాషలో అందేలా చూడమని రాజ్యాంగంలో 350-ఏ అనే అధికరణమే ఉంది కదా.

తమ్ముడి సంగతి. వాడు ఫిబ్రవరిలో జరిగే గేట్ పరీక్షకి అప్లై చేశాడు. నీకు చెప్పలేదేమో, తిట్టకు. ఫలితాలు మార్చిలో వస్తాయి. మంచి ర్యాంకు వచ్చి రూర్కెలా ఎన్ఐటీ లాంటి చోట ఎం.టెక్ సీటు దొరికితే ప్రభుత్వమే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఇస్తుంది. ఆ తర్వాత పీహెచ్‌డీకి ఇక్కడికి వస్తానంటే నేనే ముందుండి తెప్పిస్తాను, అప్పుడు డబ్బు వాళ్లివ్వాలి, మనం కాదు. గేట్ పోతే మార్చిలో మళ్లీ మాట్లాడుకుందాం. ఈలోగా స్థలం చూడ్డానికి ఎవరొచ్చినా మా అమ్మాయి వద్దంటోందని నా మీదికి తోసెయ్యి.

ఇంకొక్కటి. తెలుగు సంఘం వాళ్లతో కలిసి ఛత్రపురం కలెక్టరాఫీసుకి వెళ్తున్నానన్నావు. దరఖాస్తులో తెలుగు భవనం, కమ్యూనిటీ హాలు అని రాయించకు. అవి అడిగితే వెంటనే సరేనంటారు, ఫొటో కూడా దిగుతారు. ఏ బడిలో తెలుగు పోస్టు ఏ సంవత్సరం నుంచి ఖాళీగా ఉందో, ఎంతమంది పిల్లలున్నారో పేరుపేరునా రాసి, ఎప్పటికి భర్తీ చేస్తారని అడగండి. ఒడియాలో ఒక కాపీ, ఇంగ్లీషులో ఒక కాపీ. ఇంగ్లీషుది నేను టైపు చేసి పంపుతాను, బడుల వివరాలు తమ్ముడి చేత వాట్సాప్‌లో పెట్టించు. ఇచ్చాక స్టాంపు వేసిన రసీదు తీసుకోకుండా మాత్రం అక్కణ్ణుంచి కదలకండి.

ఇట్లు,
నీ కూతురు