గూళ్ల ఫొటోలకు ఊరి పేరు వద్దు

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరితే చాలు, పక్షి ఫొటోగ్రాఫర్ల గ్రూపుల్లో తీతువు పిట్ట గుడ్ల ఫొటోలు వరస కడతాయి. కింద రెండే మాటలు: ‘సూపర్ అన్నా’, ‘లొకేషన్ పెట్టండి’. వాటిలో బాగున్నవి పత్రికల జిల్లా పేజీలకూ ఎక్కుతాయి, ఊరి పేరు, చెరువు పేరుతో సహా. ఆ పేర్లు వేయొద్దని మనవి.

తీతువు గూడు అల్లదు. బీడు నేలలో చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు, సాధారణంగా నాలుగు గుడ్లు. కంటికి ఆనకపోవడమే వాటికి రక్ష. మిట్టమధ్యాహ్నం తల్లో తండ్రో పైన నిలబడి నీడ పడుతుంది, పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మనిషి దగ్గరికొస్తే రెండూ లేచి అరుస్తూ తిరుగుతాయి. మనం అక్కడున్నంతసేపూ గుడ్లు ఎండలోనే. పైగా ఆ గోలంతా కాకులు చూస్తూనే ఉంటాయి. లొకేషన్ చూసుకుని మరో పదిమంది వస్తే ఇక చెప్పేదేముంది!

దగ్గరికెళ్తేనే ఫొటో బాగొస్తుందన్నది చాలావరకు అపోహ. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (36 మి.మీ. వెడల్పు సెన్సరున్నది), 600 మి.మీ. లెన్సుతో 30 మీటర్ల నుంచి తీస్తే ఫ్రేములో 1.8 మీటర్ల వెడల్పు పడుతుంది. అందులో 35 సెం.మీ. పిట్ట, 24 మెగాపిక్సెళ్ల ఫైలైతే, దాదాపు 1,150 పిక్సెళ్ల పొడవు వస్తుంది. ఫోన్లో చూడ్డానికీ, పేపర్లో చిన్న ఫొటో వేయడానికీ అది చాలు. అయినా ఫొటో సాఫ్ట్‌గా, అంటే మసకగా వచ్చిందంటే తరచూ కారణం దూరం కాదు, నేల మీంచి లేచే వేడిగాలి. ఉదయం 8 లోపు, కారు దిగకుండా, ఇంజన్ ఆపి, లెన్సు కదలకుండా కిటికీ మీద బీన్‌బ్యాగ్ (గింజలు నింపిన చిన్న సంచి) వేసుకుని తీయాలి. పిట్ట గుడ్ల మీంచి లేచిందంటే అప్పటికే మరీ దగ్గరికొచ్చేశారని అర్థం, బండి వెనక్కి తీయాలి. చెట్ల మీది గూళ్ల దగ్గర అడ్డొస్తున్నాయని కొమ్మలు విరవడం మరీ దారుణం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, పక్షుల గుడ్లకు, గూళ్లకు అలజడి కలిగించడాన్ని ‘వేట’ నిర్వచనంలోనే చేర్చింది.

ఇక పంచుకోవడం సంగతి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గుతుంది, తీసిన చోటు చెప్పే జీపీఎస్ వివరాలూ పోతాయి. డాక్యుమెంటుగా పంపితే రెండూ ఉంటాయి. ఫొటో మీద చర్చ జరగాలంటే నాణ్యత కావాలి గనక అందరం డాక్యుమెంటుగానే పంపుతాం, చిక్కంతా అక్కడే. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేయాలి. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లొకేషన్ సమాచారం తొలగించే చోట టిక్కు పెట్టాలి. కెమెరాను ఫోన్ యాప్‌కు జత చేసినవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి, ఫోన్ జీపీఎస్ నేరుగా ఫైల్లోకి ఎక్కొచ్చు. జీవజాతుల ఫొటోలు నమోదు చేసే వెబ్‌సైట్ ఐనాచురలిస్ట్, ముప్పున్న జాతుల కచ్చితమైన చోటును తనంతట తానే మరుగుపరుస్తుంది. మన గ్రూపు అడ్మిన్లు లొకేషన్ అడిగే మెసేజీలనైనా తీసేయలేరా?

నేలపట్టు, ఉప్పలపాడు, తేలినీలాపురం లాంటి పేరున్న పక్షుల కేంద్రాల సంగతి వేరు. అవి అందరికీ తెలిసినవే, చూసుకునేవాళ్లూ ఉన్నారు. పేరు వేసినా నష్టం లేదు.

మిగతావాటికి జిల్లా పేరుతో సరిపెట్టండి. గూటి ఫొటో వస్తే ఏ లెన్సు, ఎంత దూరం, ఎంత క్రాప్ చేశారు అని పంపినవారిని అడగండి. ఫోన్‌తో తీసిన గుడ్ల క్లోజప్ అయితే అడిగే పని కూడా లేదు, నేరుగా పక్కన పెట్టేయొచ్చు.

– ఒక పాఠకుడు, గుంటూరు