పావు ఇంచు పొట్టి పుస్తకాలు, వాటి వెనకున్నోళ్ళకు దండాలు

ఆదివారం మా కొత్త పుస్తకం ఆవిష్కరణకు వచ్చినోళ్ళల్ల కొందరు అడిగిర్రు, ఏందన్నా ఒక్కో కాపీ ఒక్కో సైజుల ఉంది, రెండు రకాలు కొట్టిచ్చినవా అని. అప్పుడు నవ్వి ఊకున్న. ఇప్పుడు జర నిద్ర తీరింది కాబట్టి అసలు ముచ్చట చెప్త, చెప్పకపోతే నాకు పాపం తగుల్తది.

ఇది మా పబ్లిషింగుల నాలుగో పుస్తకం. నల్లగొండ దిక్కు నుంచి మగ్గాలు ఆపుకొని మహారాష్ట్రల ఉన్న భివండి పోయిన పద్మశాలోళ్ళు వాళ్ళ నోటితో చెప్పిన ముచ్చట్లు, రెండేండ్లు తిరిగి రికార్డు చేసి రాసినం. డెమీ సైజు, 160 పేజీలు, 500 కాపీలు. హైదరాబాద్‌ల ఒక ప్రెస్సుల కొట్టిచ్చిన, పేరు రాయను, వాళ్ళతోని రేపు కూడ పనుంటది. బుధవారం పొద్దుమూకినంక మా నల్లగొండ బస్టాండు కార్గోల కట్టలు దిగినయి, ఆటోల ఏసుకొని వచ్చి ముందటర్రల పేర్చి, వాసన చూసి (ఇది ప్రతిసారి చేస్త, నవ్వకుర్రి) పండుకున్న.

గురువారం పొద్దున మా ఇంటామె చాయ తాగుకుంట ఒకటి తెరిచి చదువుతుంది. "రైలెక్కిన తాత గప్పుడే మనుమరాలి పెండ్లి చేస్తున్నడేంది?" అన్నది. గుంజుకొని చూస్తే 112 పేజీ అయినంక సీదా 129. ఇంకోటి తెరిస్తే మంచిగనే ఉంది. మూడోది మళ్ళ 129. నా కాళ్ళు చల్లబడ్డయి.

తెల్వనోళ్ళకు చెప్త, పుస్తకం పేజీ పేజీ అచ్చు కాదు. ఒక పెద్ద షీటు మీద ఇటు ఎనిమిది అటు ఎనిమిది, 16 పేజీలు ఒక్కసారి పడ్తయి, దాన్ని మడిస్తే ఒక ఫారం. మాది పది ఫారాలు. బైండింగుల పది కుప్పలు వరుసగ పెట్టి ఒక్కొక్కటి ఏరుకుంట పోతరు. అట్ల ఏరేటప్పుడు ఎనిమిదో కుప్ప కాడ ఎవరో చాయకు పోయిర్రో, మాటల పడ్డరో, కొన్ని పుస్తకాలల్ల ఎనిమిదో ఫారం ఎక్కలే. ఫారం మడతకు వీపు మీద చిన్న నల్ల గీత పెడితే, అది ఫారం ఫారానికి కొంచెం కిందికి జరుపుకుంట పోతే, పది కలిపినంక మెట్ల లెక్క కనపడ్తది, ఒక మెట్టు లేకపోతే గుడ్డోడికి కూడ దొరుకుద్ది. ఈ సంగతి నాకు ముందుగాల్నే తెలుసు. గీత పెట్టుర్రి అని చెప్పలే, ప్రెస్సుల నిలబడి నాలుగు కాపీలు తెరిచి చూడలే, ఆవిష్కరణ తొందరల పంపియ్యుర్రి పంపియ్యుర్రి అని ప్రాణం తీసింది నేనే. అందుకే తప్పు సగం వాళ్ళది, సగం నాది.

ఫోన్ చేస్తే ప్రెస్సాయన పది రోజులకు సరి చేసి ఇస్త అన్నడు. నాకేమో ఆదివారం ప్రోగ్రాం. మంచియి ఉన్నయి గద అవ్వే అమ్ముదాం అంటిర్రు కొందరు. కానీ పోయిన 16 పేజీలల్లనే భివండి నుంచి ప్రత్యేకంగ వస్తున్న పెద్దమనిషి ముచ్చట ఉన్నది, 117ల మొదలైతది. ఆయన చేతిల ఏ కాపీ పడ్తదో, ఆయన చుట్టాల చేతిల ఏది పడ్తదో ఎవరు చూసిర్రు.

మొదటి దండం మా గల్లీ ఇంటర్ పోరగాళ్ళు ఇద్దరికి. ఇంట్ల ఉన్న కాపీలన్ని ఒక్కొక్కటి 113 కాడ తెరిచి చూసిర్రు, 180 లెక్క తేలింది. మధ్యాహ్నానికి వాళ్ళే ఉపాయం కనిపెట్టిర్రు, పదేసి కాపీలు పేరిస్తే ఫారం లేని కుప్ప అర సెంటీమీటర్ పైనే పొట్టిగ ఉంటదని. అయినా తెరిచే చూసిర్రు.

రెండోది హైదరాబాద్‌ల చదువుకునే తమ్ముడికి. మిగిలిన ఎనిమిదో ఫారాలు ప్రెస్సుల మూలకు పడి ఉన్నయంటే, కాలేజీ ఎగ్గొట్టి పోయి, 180 లెక్కపెట్టుకొని, యూరియా సంచిల సుట్టుకొని బండి మీద వచ్చిండు. చిట్యాల దాటినంక వాన. మనిషి నీళ్ళు కారుతుండు, సంచి విప్పితే ఒక్క కాయితం తడవలే. మూడున్నర కిలోలుంటయి అంతే, కానీ ఆ సంచి ఆయన భుజం మీద నుంచి దించుకునేటప్పుడు నాకు మాట రాలే.

ఇగ అసలు మనిషి ప్రకాశం బజార్ దిక్కు ఉండే బైండింగు తాత. పని ఆపేసి చాన్నాళ్ళైంది, చేతులు వణుకుతయి. పేరు రాయొద్దు అన్నడు, రాస్తే రేపటి నుంచి ఊరంత చినిగిన పుస్తకాలు పట్టుకొస్తరంట. పుస్తకం చూసి, వీపు మీద గోరు పెట్టి గీకి, "ఇస్త్రీ పెట్టె తే" అన్నడు. నేను ఇదేందని చూస్తున్న. వీపు మీద పాత గుడ్డ ఏసి ఇస్త్రీ పెట్టె మెల్లగ రెండుసార్లు తోలితే లోపలి గమ్ము మెత్తబడ్డది, అట్టను చేపతోలు లెక్క ఒలిచిండు. 112కు 129కి మధ్య విడదీసి, కొత్త ఫారం మడత కోసి ఎనిమిది కాయితాలు చేసి సందుల పెట్టి, దులిపి సరి చేసి, ఫెవికాల్ రాసి మళ్ళ అట్ట తొడిగిండు. ఒక్కటి ఆయన చేసి చూపిచ్చిండు, మిగిలినయి మేం ఆరుగురం చేస్తుంటే కుర్చీల కూసోని తిట్టిండు. 11 అట్టలు చినిగినయి, వేస్టేజీకి అని ఎక్కువ కొట్టిన అట్టలుంటే వాడినం. ఆరెదాక బరువు పెట్టాలె అంటే ఇంట్ల ఏం లేదు, పలకల మీద నిండు గ్యాస్ సిలిండర్ పెట్టినం. శుక్రవారం రాత్రి మా ఇంట్ల పొయ్యి ముట్టలే, పక్కింటక్క పదిమందికి జొన్నరొట్టెలు, పప్పు పంపింది. అక్కా నీ గిన్నెలు ఇంకా మా ఇంట్లనే ఉన్నయి.

శనివారం ఎన్జీ కాలేజీ దిక్కు జిరాక్స్ షాపన్న కటింగ్ మిషన్ రాత్రి పదకొండు దాక మాకే ఇచ్చిండు, పైసలు ఇస్తే జేబుల మళ్ళ కుక్కిండు. అతికిచ్చినంక మూడు దిక్కుల కోస్తెనే అంచులు సమానం వస్తయి, అట్ల కోసేసరికి పావు ఇంచు పోయింది. అదే మీరు చూసిన పొట్టి సైజు.

పబ్లిషింగ్ అంటే మంచి రాత ఏరుకునుడే అనుకొని దిగిన నేను. లెక్క చెప్త వినుర్రి. కాపీ నాకు 85 పడ్డది, ధర 180. షాపుకు 40 శాతం పోతే 108 చేతికొస్తది, అది కూడ ఎప్పుడొస్తదో షాపోళ్ళ దయ. మిగిలే 23 రూపాయలల్లనే కార్గో, ఆటో, అట్టపెట్టెలు. అందుకే నేరుగ పోస్టుల తెప్పిచ్చుకునేటోళ్ళ మీదనే బతుకుతున్నం. పుస్తకాలు తక్కువ ఖర్చుతోని పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబర్‌ల ఎత్తేసినప్పుడు దుకాణం బందే అనుకున్న. 2025 మే నుంచి దాని తీరుగనే పుస్తకాలకు జ్ఞాన్ పోస్ట్ వచ్చింది, 300 గ్రాముల దాక 20 రూపాయలు, పైన ట్యాక్స్. పోస్టాఫీసుల మేడం ఓపికగ అన్ని చెప్పి, మా కవర్ల మీద ఏం రాయాలో కాయితం మీద రాసిచ్చింది. ఆమెకు కూడ దండం.

1922ల షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు ఈ ఊరి నుంచే నీలగిరి పత్రిక నడిపిండు. ఆ ముచ్చట తాతకు చెప్తే, "ఆయనకు బైండింగు ఎవరు చేసిర్రో అడిగినవా?" అన్నడు. నా కాడ జవాబు లేదు.

ఆదివారం భివండి పెద్దమనిషి వచ్చిండు, మనుమడు 117 తీసి ఇస్తే పొట్టి కాపీనే పడ్డది ఆయన చేతిల. చదవలే. అంచు మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి తోలి, పక్కోడి పుస్తకం తీసుకొని రెండు జోడిచ్చి చూసి, "దీనికి పన్నా తగ్గింది బిడ్డా, ఎక్కడ కోసిర్రు?" అన్నడు. పన్నా అంటే బట్ట వెడల్పు. అరవై ఏండ్లు బట్ట నేసిన చెయ్యి, దాస్తే దాగుతదా. అంత చెప్పేసిన. పొట్టిదే తన కాడ పెట్టుకున్నడు.

మంచియి అనుకొని గురువారం పొద్దుగాలనే నేను పోస్టుల ఏసిన కాపీలు తొమ్మిది ఉన్నయి. మీకు ముట్టిన దాంట్ల 112 తర్వాత 129 వస్తే వాట్సాప్‌ల ఒక ఫొటో పెట్టుర్రి, వేరేది పంపిస్త, పోస్టు ఖర్చు నాదే. పాతది వాపస్ పంపుడు మర్చిపోకుర్రి, ఎనిమిదో ఫారాలు ఇంకొన్ని మిగిలినయి, తాత ఇస్త్రీ పెట్టె మా ఇంట్లనే ఉంది.