బకాసురుడి బండి, బొంబాయి షాండిలియర్

చిత్తూరు,
ఆదివారం రాత్రి

ఒరే మురళీ,

నీ వాయిస్ మెసేజ్ మళ్ళీ మళ్ళీ విన్నాను. నడుస్తూ మాట్లాడావేమో, సగం గాలి హోరే. న్యూయార్క్‌లో 'స్లీప్ నో మోర్' నాటకం మూతపడేలోపే చూశావని ఇన్నాళ్ళకు చెప్తావా! 2011 నుంచి నడిచిన ఆటను 2025 జనవరిలో ఆపేశారని చదివినప్పుడే అనుకున్నా, అంత దగ్గరుండి వీడు చూడకపోతే తన్నాలని.

టికెట్టు కొన్న ప్రతివాడికీ తెల్ల ముసుగు తగిలించి, నోరెత్తొద్దని చెప్పి, అన్ని అంతస్తుల భవనంలోకి వదిలేయడం బాగుంది. మాక్‌బెత్ కథంతా మాటల్లేకుండా గదిగదిలో జరుగుతుంటే, ఎవరి వెనక పడితే వాళ్ళ కథే నీకు దక్కుతుంది. నువ్వు లేడీ మాక్‌బెత్ వెనక మెట్లెక్కుతుంటే ఇంకెక్కడో రాజును చంపేశారట. అంత డబ్బు పోసి హత్య మిస్సయ్యానని నువ్వు గింజుకుంటుంటే నవ్వాగలేదు నాకు.

ఇక నా ముచ్చట. నేనూ 2025 మార్చిలో బొంబాయి పోయొచ్చా. మా బావమరిది బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో అంబానీల కల్చరల్ సెంటర్‌కు తీసుకెళ్ళాడు. 2023లో తెరిచారు, రెండు వేల సీట్ల హాలు. 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా' అనే పాటల నాటకం వచ్చింది. మీ న్యూయార్క్ నాటకశాలల బ్రాడ్‌వేలో 1988 నుంచి 2023 దాకా 13,981 ఆటలు ఆడిందది. టికెట్ ధర మా ఆవిడకు చెప్పలేదు, నువ్వూ నోరు జారకు.

మొదట వేలంపాట జరుగుతుంది. స్టేజీ మీద ముసుగు కప్పిన షాండిలియర్, అదే పెద్ద దీపాల గుత్తి. ముసుగు తీయగానే దీపాలు భగ్గుమని వెలిగి, ఆర్గన్ వాయిద్యం దద్దరిల్లుతుంటే అది మెల్లగా మా నెత్తి మీదికి లేచింది. ఒళ్ళు జలదరించింది రా. ఇంటర్వెల్ ముందు అదే మళ్ళీ కిందికి దూకుతుంది. పొగమంచులో పడవ, నీళ్ళలోంచి లేచే కొవ్వొత్తులు, ఆ గొంతులు... వంక పెట్టడానికేమీ లేదు. ఈల వేయబోతే బావమరిది మోచేత్తో పొడిచాడు. అప్పుడు తట్టింది, ఈ ఆటకు నాతో పనేం లేదని. నేను వచ్చినా రాకపోయినా ఆ షాండిలియర్ అదే సెకనుకు పడుతుంది.

సురభి నాటకాల వాళ్ళ మాయాబజార్‌కు తిరుపతి మహతి ఆడిటోరియంలో పిల్లలు ఎంత గోల చేశారో గుర్తుందా? 1885లో కడప జిల్లాలో ఒక పల్లెలో కీచకవధతో మొదలుపెట్టిన కుటుంబాలు. తాళ్ళూ తెరలూ పెట్టుకుని ఇప్పటికీ ఘటోత్కచుణ్ణి గాల్లోకి లేపుతున్నాయి. ఒక్కోసారి తాడు కనిపిస్తుంది కూడా. నాకైతే అదీ ఇష్టమే.

కానీ నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. జనాన్ని కథలోకి దింపడం అంటావు చూడు, మన ధర్మరాజుల గుడి దగ్గర భారతం ఉత్సవం జరిగే పద్ధెనిమిది రోజులూ జరిగేది అదే కదరా! మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అవి చూసేవాళ్ళు చూస్తారు, చాపేసుకుని పడుకునేవాళ్ళు పడుకుంటారు. అసలు ఆట పగటిపూట ఊళ్ళో ఉంటుంది. బకాసుర వధ రోజు మా అవ్వోళ్ళ ఊళ్ళో పొద్దుటే ఇంటింటా పెద్ద గిన్నెలు పొయ్యెక్కేవి. భీముడి వేషగాడు ఎద్దుల బండెక్కి వీధులన్నీ తిరిగేవాడు. ఇంటికింత అన్నం, పప్పు, వడలు, అరటిపళ్ళు తెచ్చి బండిలో వేసేవాళ్ళు. ఏకచక్రపురం జనం చేసిందీ అదే కదా. ఆయన తింటూ తింటూ ముద్దలు తీసి మన మీదికి విసిరేవాడు. మా అవ్వ వడలు మాత్రం అన్నం అడుగున దాచేది, భీముడి చేతికి చిక్కకుండా రాక్షసుడికి దక్కాలని!

అర్జునుడి తపస్సు కూడా అంతే. తపస్సు మాను తాటిచెట్టంత ఉంటుంది. మెట్టుకో పద్యం పాడుతూ ఎక్కుతాడు, గంటలు పడుతుంది. కింద పిల్లల్లేని ఆడవాళ్ళు తడిబట్టలతో వరం కోసం నేల మీద బోర్లా పడి ఉంటారు. పైకి చేరాక నిమ్మకాయలు, విభూతి, పూలు విసురుతాడు. అవి మీద పడితే చాలని వాళ్ళ ఆశ. అక్కడ అర్జునుడే పాశుపతం కోసం తపస్సు చేస్తున్నాడు, శివుడు ఇంకా రానేలేదు. వీళ్ళు మాత్రం ఆయన్నే వరం అడుగుతున్నారు. ఈ తిరకాసు ఎవరికీ పట్టదు.

ఈమధ్య దుర్యోధన వధకు పోయా. పొలంలో వెల్లకిలా పడుకున్న మట్టి దుర్యోధనుడు, నలభై అడుగులుంటాడేమో. మీసాలకు నల్లరంగు ఇంకా తడిగానే ఉంది. తొడలో ఎర్రనీళ్ళ కుండ పూడ్చారు. వేషగాళ్ళిద్దరూ బొమ్మ మీదా చుట్టూ తరుముకుంటున్నారు. దుర్యోధనుడు జనంలోకి దూరి సరిగ్గా నా పక్కనే ఆగాడు. కొయ్య భుజకీర్తి మీది అద్దం ముక్క ఊడి వేలాడుతోంది, రంగులోంచి చెమట కారుతోంది. "అన్నా, నీళ్ళుంటే రవ్వన్ని ఇయ్యి" అన్నాడు మెల్లగా. సీసా అందించానో లేదో, వెనకనుంచి ఒక అవ్వ, "వాడికెందుకురా నీళ్ళిచ్చేది? ద్రౌపదమ్మను అంత చేసినోడికి!" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది. నువ్వు వందల డాలర్లిచ్చినా దక్కనిది, నీళ్ళ సీసాతో నేను కౌరవుల జట్టులో చేరిపోయా.

తర్వాత తొడ పగిలింది, ద్రౌపదమ్మ జుట్టు ముడేసుకుంది. గాదెల్లో వేసుకుంటే మంచిదని జనం ఆ మట్టిని తువ్వాళ్ళలో మూటగట్టుకుపోయారు.

అందుకే నాకు మీ 'స్లీప్ నో మోర్' ముసుగు నచ్చలేదు. ఎవరో ఒకర్ని గదిలోకి లాక్కెళ్ళి ముసుగు తీసి చెవిలో ఏదో చెప్తారన్నావు, అది నీకు జరగలేదనీ ఏడ్చావు. మిగతా వాళ్ళందరూ దయ్యాల్లా గోడవార తిరగాల్సిందే కదా. ఇక్కడ దాక్కునే వీలే లేదు. మన దాంట్లో లోపాల్లేవని కాదులే. మైకు సెట్టు ధాటికి పద్యం ఒక్క ముక్క అర్థంకాదు, మధ్యలో సినిమా పాటల డాన్సులొకటి. ఆ ఫాంటమ్ పాడిన పాటల్లాంటివి అక్కడ ఆశించకు.

మే నెలలో వచ్చేటట్టుంటే తిరుపతి గంగమ్మ జాతర కూడా చూడొచ్చు. ఆడవాళ్ళను చెరిచే పాలెగాడు దాక్కుంటే అమ్మవారు బైరాగి, బండ, తోటి వేషాల్లో ఊరంతా వెతికి, దొర వేషంలో బయటికి రప్పించి చంపడం, ఆ మర్నాడు మాతంగి వేషంలో వాడి పెళ్ళాన్నే ఓదార్చడం! ఈ ఓదార్పు ఎవరు కల్పించారో గానీ మహానుభావుడు. టికెట్లు చేసేముందు నన్నడుగు, మా ఊరి భారతం తేదీలు పెద్దమనుషులు తేల్చగానే చెప్తా. మీవాణ్ణీ తీసుకురా. కాకపోతే బండ వేషం రోజు తిట్లన్నీ వీధిలోనే వినిపిస్తాయి, వాడు అమెరికా పోయి స్కూల్లో అప్పజెబితే నన్ననొద్దు.

నీ
రమణ