మా ఉస్తాద్ సంస్మరణకు అండగా నిలిచిన అందరికీ

అందరికీ నమస్కారం. పోయిన శనివారం జర్మనీలోని కొలోన్‌లో, నాకు తంబూర్ నేర్పిన మా ఉస్తాద్ సంస్మరణ సభ మేం అనుకున్నదానికంటే బాగా జరిగింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాలనే ఉంది కానీ, చెయ్యి వేసినవాళ్లు చాలామంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన్ని ఎరగని మనవాళ్ల కోసం నాలుగు మాటలు. ఆయనది ఇరాన్‌లో కిర్మాన్‌షా వైపు, దాలాహూ కొండల కింద పల్లె. కుర్దులు, యార్సాన్ అనే మతం వాళ్లు. వాళ్లకి తంబూర్ పవిత్రమైన వాద్యం. ముద్దు పెట్టుకోకుండా ఒళ్లోకి తీసుకోరు. మన తంబురాలా శ్రుతికి మాత్రమే కాదు, పాటంతా దాని మీదే పలుకుతుంది. మల్బరీ చెక్క బుర్ర, పొడుగాటి సన్నని దండి, మూడు తీగలు, 14 మెట్లు. కుడిచేతి వేళ్లు ఒకదాని వెంట ఒకటి తీగల మీద దొర్లుతూ ఉండాలి. ఆ వాయింపుని ‘షుర్’ అంటారు.

వీణకి అలవాటుపడిన చేత్తో నేను ఆయన దగ్గరికి వెళ్లాను. నా మణికట్టు కింద తన అరచెయ్యి పెట్టి కూర్చునేవారు. బరువు తగిలితే తల అడ్డంగా ఊపేవారు. చెయ్యి తేలికపడేదాకా తర్వాతి మఖామ్ (తంబూర్ మీద వాయించే బాణీ) మొదలుపెట్టేవారు కాదు. స్వరాలు రాసుకుంటానంటే ఒప్పుకోలేదు, విని పట్టుకోవాల్సిందే. ఫీజు మాట ఎత్తితే ఇంకో కప్పు టీ పోసేవారు. తంబూర్ విద్వాంసుడు సయ్యద్ ఖలీల్ ఆలీనెజాద్ గారంటే ఆయనకి ప్రాణం. 2001లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో పోయిన ఆ మహానుభావుడి పేరు ఎవరైనా ఎత్తితే చాలాసేపు మాట్లాడలేకపోయేవారు.

ముందుగా యార్సాన్ పెద్దలకి నా నమస్కారాలు. ఈ సంప్రదాయంలో 72 మఖామ్‌లని లెక్క. వాటిలో ‘జమ్’ అనే ప్రార్థనా సమావేశంలో వాయించేవి వేరు, నలుగురిలో వాయించేవి వేరు. ఏది వాయించొచ్చో మీరే చెప్పండని అడిగితే, ఓపిగ్గా కూర్చుని ఎంచి పెట్టారు. పరాయివాడినని ఒక్క క్షణం కూడా అనిపించనివ్వలేదు. ఒక పెద్దాయన తన తంబూర్ తెచ్చుకుని నా పక్కనే కూర్చుని వాయించారు. ఆ ధైర్యంతోనే నా టెన్షన్ తగ్గింది.

ఉస్తాద్ తంబూర్ పై పలక చలికాలం హీటర్ వేడికి చీలింది. దాన్ని అతికి, మెట్లన్నీ కొత్త నరంతో కట్టి ఇచ్చిన వాద్యాల మేస్త్రి గారు నరం ఖర్చు తప్ప పైసా తీసుకోలేదు. ఉస్తాద్ పాత క్యాసెట్లలో టేపు అంటుకుపోతే, మన సౌండ్ ఇంజినీర్ తమ్ముడు రాత్రిళ్లు కూర్చుని ఒక్కో చుట్టూ విప్పి, కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. పాటల మధ్యలో ఆయన దగ్గు, టీ గ్లాసు చప్పుడు కూడా ఉన్నాయి. తీసెయ్యొద్దు అని నేను చెప్పకముందే వాటిని ఉంచేశాడు. తమ్ముడూ, ఈ రుణం తీర్చుకోలేను.

హాలు అద్దెకి తలా కొంత వేసుకున్న తెలుగు కుటుంబాలకీ, కుర్దు అక్కయ్యల డోల్మా పక్కన పులిహోర గిన్నె పెట్టిన పిన్నిగారికీ, చివర్లో కుర్చీలు సర్దిన పిల్లలకీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ఇక ఉస్తాద్ గారింటి అమ్మకి. ఆయన పోయాక ఎవరినీ ముట్టుకోనివ్వని తంబూర్‌ని సభ రోజు మీ చేతులతో నాకు అందించారు. సభలో మాట పెగల్లేదు, ఇప్పుడు చెబుతున్నాను: అది మీ ఇంట్లోనే ఉంటుంది, నేనే వారం వారం వచ్చి వాయిస్తాను.

క్యాసెట్ల కాపీలు ఉస్తాద్ కుటుంబం దగ్గర ఉన్నాయి, కావాల్సినవాళ్లు వాళ్లని అడగండి. మిగిలిన డబ్బుతో ఇక్కడ తంబూర్ నేర్చుకుంటున్న పిల్లలకి తీగలు కొంటున్నాం.